అమ్మ సీనియర్ కమ్యూనిటీలో చేరి ఎనిమిది నెలలు. గది దాటి రావడం లేదు. ఏం చేయాలి?

రేపల్లె అమ్మాయి

అందరికీ నమస్కారం. మా అమ్మ విషయంలో సలహా కావాలి. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

అమ్మకి 72. నాన్న పోయి రెండేళ్ళు దాటింది. నేను బెంగళూరులో ఉంటాను, తమ్ముడు న్యూజెర్సీలో. నాన్న పోయాక ఏడాది పైగా అమ్మ రేపల్లెలో ఒక్కతే ఉంది. ఒకరోజు రాత్రి బాత్రూమ్‌లో జారి పడింది. దెబ్బ పెద్దది కాదు గానీ, తెల్లారి పాలబ్బాయి వచ్చి తలుపు కొట్టేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాతే శంకర్‌పల్లి వైపు ఒక సీనియర్ కమ్యూనిటీ చూశాం. మేం బలవంతం చేయలేదు. తనే వచ్చి నాలుగు రోజులు ఉండి చూసి, సరే అంది.

అక్కడ సౌకర్యాలకి లోటు లేదు. రాత్రీ పగలూ నర్సు ఉంటుంది, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు, మంచం పక్కన బెల్లు. పొద్దున యోగా, సాయంత్రం భజన, క్యారమ్స్, లైబ్రరీ, నడవడానికి చెట్ల కింద బాట. అమ్మ దేనికీ వెళ్ళదు. మొదట్లో డైనింగ్ హాల్‌కి వెళ్ళి తినేది. ఇప్పుడు క్యారియర్ గదికే తెప్పించుకుంటోంది. పొద్దున్నించీ టీవీ. ఆ సౌండు వరండా చివరిదాకా వినిపిస్తుంది. ఎందుకు వెళ్ళవమ్మా అంటే ఒకసారి "వాళ్ళంతా పెద్ద ఉద్యోగాలు చేసి వచ్చినవాళ్ళు, నేనేం మాట్లాడతాను" అంటుంది. ఇంకోసారి "హాల్లో అంతా గోల" అంటుంది. నాతో ఫోన్లో మాత్రం బాగానే మాట్లాడుతుంది.

రేపల్లెలో అమ్మ ఇలా లేదు. నాలుగున్నరకి లేచి కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టేది. పదింటికల్లా వంట ముగించి మిషన్ ముందు కూర్చునేది. ఉషా తొక్కుడు మిషన్, పెళ్ళైన కొత్తలో నాన్న కొన్నది. మా వీధిలో సగం మంది జాకెట్లు అమ్మ కుట్టినవే. సంక్రాంతి ముందు పదిహేను రోజులు మాకు అన్నం కూడా తొందర తొందరగా పెట్టేది. ఇల్లు అద్దెకిచ్చినప్పుడు, గదిలో చోటు ఉండదని ఆ మిషన్ని పిన్ని వాళ్ళింట్లో పెట్టాం.

ఈ ఎనిమిది నెలల్లో 58 కిలోల మనిషి 53కి వచ్చింది. పోయిన నెల వెళ్ళినప్పుడు చూశాను, గోడ పట్టుకుని నడుస్తోంది. సుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటుంది. అక్కడి మేనేజర్ "కొందరు అంతేనండి, మెల్లగా అలవాటు పడతారు" అన్నారు.

బెంగళూరు తెచ్చేసుకోవాలా? మేమిద్దరం ఎనిమిదిన్నరకి వెళ్తే రాత్రి ఏడింటికి వస్తాం. మా ఫ్లాట్‌లోనూ పగలంతా ఒక్కతే అవుతుంది. లేక ఇది వయసేనా? ఆ యోగాలు, భజనలు నిజంగా అంత అవసరమా, లేక వెళ్తే బాగుంటుందన్నది మా ఆశేనా? అలాంటి చోట ఉంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. రోజూ ఫోన్ పెట్టేశాక ఏడుపొస్తోంది.

---

హరిత

తెచ్చేసుకోండి అండీ. ఎన్ని సౌకర్యాలున్నా అది సొంత మనుషుల మధ్య ఉన్నట్టు కాదు. మా అత్తగారిని అలాగే తీసుకొచ్చేశాం. కానీ మా ఇంట్లో పగలు పిల్లలు ఉంటారు, అది కూడా చెప్పాలి. ఆవిడ రోజంతా వాళ్ళతోనే.

---

కాజీపేట గార్డు

అమ్మా, నాకు 76 ఏళ్ళు. చేవెళ్ల వైపు ఇలాంటి చోటే మా ఆవిడా నేనూ ఆరేళ్ళ నుంచి ఉంటున్నాం. లోపలి సంగతి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

రైల్వేలో గార్డుగా చేశాను. 2022 నుంచి ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు పెట్టారు, మా రోజుల్లో గార్డే. ఎక్కువ కాలం కాజీపేట, బల్లార్షా మధ్య గూడ్స్ బండ్లు. రాత్రంతా బ్రేక్ వ్యాన్‌లో ఒక్కణ్ణే. ఒంటరిగా ఉండటం నాకు కొత్త కాదు. కానీ నేను పచ్చజెండా చూపిస్తేగానీ బండి కదిలేది కాదు. ఇక్కడికి వచ్చాక మొదటి ఐదు నెలలు, నేను లేచినా లేవకపోయినా దేనికీ ఆటంకం లేదు. ఎనిమిదింటికి టిఫిన్, పన్నెండున్నరకి భోజనం, నాలుగింటికి టీ. అన్నీ నా దగ్గరికే వచ్చేవి. పగలు నిద్ర, రాత్రి మెలకువ. మోకాళ్ళు పట్టేశాయి. "ఆయన మాట్లాడటం మానేశారు" అని మా ఆవిడ పిల్లలకి ఫోన్ చేసి చెప్పిందట, నాకు తర్వాత తెలిసింది.

ఆ ఐదు నెలలూ ప్రతి ఒక్కరూ నాకు చెప్పింది ఒకటే: యోగాకి రండి, పేకాటకి రండి, కాలక్షేపం అవుతుంది. నాకు కాలక్షేపం అక్కర్లేదమ్మా. 34 ఏళ్ళు టైమ్ ప్రకారం బతికినవాణ్ణి, ఆ టైమ్‌ని ఊరికే ఖర్చు చేయమంటే మనసు ఒప్పదు.

ఇక్కడి నుంచి నెలకు రెండుసార్లు చిలుకూరు బాలాజీ గుడికి మినీ బస్సు వెళ్తుంది. ఒకసారి తిరిగి వస్తూ ఒక పెద్దాయన్ని అక్కడే వదిలేసి వచ్చేశారు. సగం దారిలో ఎవరో గమనించారు. బస్సు వెనక్కి తిప్పాం. ఆయన ఒక పూల కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్ గదిలో మర్చిపోయాడు. చేతులు వణుకుతున్నాయి. మమ్మల్ని చూడగానే "నేనే ఆలస్యం చేశానయ్యా, క్షమించండి" అన్నాడు. తప్పు మాది, క్షమాపణ ఆయన అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, ఇకనుంచి ఆ బస్సు నాకు అప్పగించండి అన్నాను.

అప్పటినుంచి నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఎక్కేటప్పుడు లెక్క, దిగేటప్పుడు లెక్క, మళ్ళీ ఎక్కేటప్పుడు లెక్క. ఎవరికి చేతికర్ర, ఎవరి జేబులో సుగర్ మాత్రలుండాలి, ఎవరికి ముందు సీటు కావాలి, అన్నీ అందులో రాసుంటాయి. నేను విజిల్ వేస్తేనే డ్రైవర్ బండి తీస్తాడు. బస్సు శనివారమైతే గురువారం నుంచే నాకు పని. మా దగ్గర 48 గదులు, మూడు అంతస్తులు. ఎవరొస్తారో పేర్లు రాసుకోవడానికి ప్రతి తలుపూ తట్టాలి. ఫోన్లో అడగొచ్చు కదా అంటారు. అడగను. తలుపు తీస్తే మనిషి ఎలా ఉన్నాడో తెలుస్తుంది. నా నడకంతా అదే, వేరే వాకింగ్ లేదు. మోకాళ్ళ నొప్పి ఇప్పటికీ ఉంది. కానీ రాత్రి నిద్ర పడుతోంది, 48 గదుల వాళ్ళ పేర్లూ గుర్తున్నాయి.

చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేయడం ఆనవాయితీ. మా వాళ్ళు చాలామంది మూడు చేసి కూర్చునేవారు. మోకాలి ఆపరేషన్ అయిన ఒకావిడ, వెళ్ళిన ప్రతిసారీ ఒకటి పెంచుకుంటూ పోయింది. కార్తీకమాసానికి పదకొండూ పూర్తి చేసింది. ఆ రోజు మిగతావాళ్ళందరూ బస్సులో ఆవిడ కోసం అరగంట కూర్చున్నారు. ఒక్కరు కూడా విసుక్కోలేదు.

నీ ప్రశ్నకి వస్తాను. యోగా మంచిదే, భజనా మంచిదే. కానీ మీ అమ్మని "వెళ్ళి కాస్త కలువమ్మా" అని పోరు పెట్టకు. పిన్ని ఇంట్లో ఉన్న ఆ మిషన్ తెప్పించు. చోటు లేకపోతే మంచం గోడకి జరపండి, టీవీ బల్ల తీసేయండి. కిటికీ పక్కన వెలుతురు పడేచోట పెట్టించి ఊరుకో, ఏమీ చెప్పకు. మా దగ్గరైతే ప్రతి రెండో గదిలో ఫాల్ కుట్టని చీర ఒకటి బీరువాలో ఉంటుంది. కుట్టించుకోవడానికి చేవెళ్ల దాకా ఎవరు వెళ్తారు?

ఇంకొక మాట. బెంగళూరు తెచ్చుకోవాలా అని మమ్మల్ని అడిగావు. మీ అమ్మని అడిగావా తల్లీ?

---

ఫిజియో, గుంటూరు

గార్డు గారు రాసింది చదివి చాలా సంతోషం వేసింది. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అరవై అయిదు దాటినవాళ్ళే. మిషన్ తెప్పించే ముందు కొన్ని పనులు చేయాలి మేడమ్.

మీ పోస్టులో "హాల్లో అంతా గోల" అన్న దగ్గర నేను ఆగిపోయాను. టీవీ సౌండ్ వరండా దాకా వినిపిస్తోందన్నారు, ఫోన్లో మాత్రం బాగా మాట్లాడతారన్నారు. ముందు చెవులు చూపించండి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో మొదట పోయేవి సన్నటి శబ్దాలు. స, శ, త, ప లాంటివి జారిపోతాయి. గొంతు వినిపిస్తుంది, మాట అర్థం కాదు. నిశ్శబ్దమైన గదిలో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నెట్టుకొస్తారు. డైనింగ్ హాల్లో స్టీలు కంచాల చప్పుడు, ఫ్యాన్లు, నలుగురి మాటలు కలిసిపోతే ఏమీ తెలియదు. ఎవరో ఒకటి అడుగుతారు, ఈవిడ ఇంకొకటి చెబుతారు, ఎవరో నవ్వుతారు. మర్నాటి నుంచి క్యారియర్ గదికే వస్తుంది. నేను ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను. ఒక్కరు కూడా "నాకు వినపడటం లేదు" అని తమంతట తాము చెప్పలేదు.

ఇది చిన్న విషయం కాదు. మతిమరుపు జబ్బుల మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో, మనం మార్చుకోగలిగిన కారణాలు 14 చెప్పారు. వినికిడి లోపం, ఒంటరితనం, కదలిక లేకపోవడం, డిప్రెషన్, నాలుగూ ఆ జాబితాలో ఉన్నాయి. మీ అమ్మగారి గదిలో కనీసం రెండు కనిపిస్తున్నాయి నాకు.

రెండోది, బరువు. ప్రయత్నించకుండా ఎనిమిది నెలల్లో 58 నుంచి 53కి రావడం అంటే ఎనిమిది శాతం పైనే. దాన్ని బెంగ మీదకి నెట్టేయకండి. డాక్టర్‌కి చూపించి రక్తపరీక్షలు, థైరాయిడ్, పళ్ళు అన్నీ చూడమనండి. డిప్రెషన్ ఉందేమో కూడా అడగమనండి. ఉంటే దానికి మందు ఉంది. "వయసు కదా" అని వదిలేయాల్సినది కాదు.

నడక గురించి మీరే చూడగలిగే పరీక్ష ఒకటుంది. చేతులు లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి పెట్టండి. ఆవిడ రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీరు పక్కనే నిలబడండి. డెబ్భైకీ ఎనభైకీ మధ్య ఉన్న ఆడవాళ్ళకి పదికి తక్కువైతే కాళ్ళలో బలం తగ్గినట్టు, పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. ఎనిమిది నెలలు కూర్చుంటే తొడ కండరాలు కరిగిపోతాయి, మళ్ళీ పని చెబితే ఈ వయసులో కూడా తిరిగి వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్ళకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు నడక, రెండు రోజులు కండరాల వ్యాయామం, మూడు రోజులు తూలిపోకుండా నిలబడే వ్యాయామం. ఒక్కసారిగా అన్నీ వద్దు. రోజూ టిఫిన్‌కి ముందు అయిదుసార్లు, రాత్రి భోజనానికి ముందు అయిదుసార్లు కుర్చీలోంచి లేవడంతో మొదలుపెట్టించండి.

---

అత్తిలి పిన్ని

అమ్మాయ్, నేను విశాఖపట్నంలో ఒక కమ్యూనిటీలో ఉంటున్నాను. "వాళ్ళంతా పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళు" అన్న మాట చదవగానే నాకు నేనే గుర్తొచ్చాను. నేను ఎనిమిదో తరగతి. మా టేబుల్ దగ్గర ఒకావిడ కాలేజీ ప్రిన్సిపాల్, ఇంకొకావిడ బ్యాంకు మేనేజరు. వాళ్ళు పెన్షన్ అరియర్స్ గురించి మాట్లాడుకుంటుంటే నేను సాంబారు వైపు చూస్తూ తినేదాన్ని. వాళ్ళు నన్నేమీ అనలేదు, మంచివాళ్ళే. నాకే మాట వచ్చేది కాదు.

మా దగ్గర కార్యక్రమాలు చూసే పిల్ల ఒకతె ఉండేది. మంచి పిల్లే, కానీ మాచేత బెలూన్లు ఒకరి చేతిలోంచి ఒకరికి అందించడం, చప్పట్లు కొట్టడం లాంటివి చేయించేది. ఇల్లు నడిపి, పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళం. నాకు బాధేసేది. వచ్చేవాళ్ళు ఆరుగురో ఏడుగురో.

ఒక వేసవిలో భోజనంలో కొన్న ఆవకాయ వడ్డించారు. వెనిగర్ వాసన. నేను నోరు తెరిచి గట్టిగా అన్న మొదటి మాట అదే: "ఇది ఆవకాయ కాదండీ." హాలంతా నా వైపు తిరిగింది. ప్రిన్సిపాల్ గారు "అయితే మీరు పెట్టండి, మేం చేస్తాం" అన్నారు.

60 కిలోల కాయ తెప్పించాం. పొయ్యితో పని లేదు కాబట్టి ఆఫీసువాళ్ళు కాదనలేకపోయారు. కాయలు కొట్టడానికి మనిషిని పిలిచాం, మిగతాదంతా మేమే. ముక్కలు తుడవడం, జీడి తీసి లోపలి పొర గీకడం కూర్చుని చేసే పని, దానికి అందరూ పనికొస్తారు. చేతులు వణికే జబ్బున్న మాస్టారు ఒకాయన గంటన్నర సేపు గుడ్డతో ముక్కలు తుడిచారు. ఆయన భార్య పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఇక కొలతల దగ్గర పెద్ద గొడవ! ఆవపిండి, కారం, ఉప్పు సమానంగా ఉండాలని మా గోదావరి వాళ్ళు. కారం ఇంకా పడాలని గుంటూరు ఆవిడ. అల్లం వెల్లుల్లి ముద్ద లేకుండా ఆవకాయేమిటని కరీంనగర్ నుంచి వచ్చినావిడ. చివరికి మూడు జాడీలు పెట్టాం. బీపీ ఉన్నవాళ్ళకి నర్సు ఒప్పుకోదని తలా ఒక చిన్న సీసా మాత్రమే ఇచ్చాం. మూడో రోజు కలపడానికి 31 మంది వచ్చారు. ఆ రోజు నుంచి నాకు ఆ టేబుల్ దగ్గర మాట రాకపోవడం అన్నది లేదు. ప్రిన్సిపాల్ గారు ఇప్పుడు నాకు పత్రికలో గళ్ళనుడికట్టు నింపడం నేర్పుతున్నారు.

మీ అమ్మకి వచ్చినది వాళ్ళకి రానిది ఏదో ఒకటి ఉంటుంది. కుట్టు ఉంది కదా. జాకెట్టు సరిగ్గా కుదరడం ఎంత కష్టమో పెద్ద ఉద్యోగం చేసినావిడకి కూడా తెలుసు.

---

రేపల్లె అమ్మాయి

రెండు నెలల తర్వాత రాస్తున్నాను. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

గార్డు బాబాయ్ గారూ, అడిగాను. "బెంగళూరు వస్తావా అమ్మా" అంటే, "వచ్చి పగలంతా మీ ఇంటికి కాపలా ఉండాలా? ఇక్కడ కనీసం నర్సు పలకరిస్తుంది" అంది. నేను ఆ ఒక్క ప్రశ్న ఎనిమిది నెలల్లో అడగలేదు.

చెవుల పరీక్ష చేయించాం. రెండు చెవుల్లోనూ లోపం ఉంది, చిన్నది కూడా కాదు. రిపోర్టు చూసి నాకు నోట మాట రాలేదు. ఫోన్లో నేను గట్టిగా మాట్లాడతాను, అది నా అలవాటు, అందుకే నాకు తెలియలేదు. వినికిడి మిషన్లు పెట్టారు. మొదటి వారం తీసి డబ్బాలో పడేసింది, కంచాల చప్పుడు తలలో కొడుతోందని. రెండోసారి వెళ్ళి సర్దించాక ఉంచుకుంటోంది. రక్తపరీక్షల్లో ఏమీ లేదు గానీ కింద దవడ పళ్ళు రెండు కదులుతున్నాయట. నమలలేక సగం అన్నం వదిలేసేదట. అది కూడా ఎవరికీ చెప్పలేదు. పళ్ళ వైద్యం నడుస్తోంది. బరువు 54.

మిషన్ రేపల్లె నుంచి పార్సిల్ లారీలో వచ్చింది. నాలుగు రోజులు దాని మీద పాత దుప్పటి కప్పి ఉంచింది. అయిదో రోజు రాత్రి డ్యూటీ ఆయా, తన కూతురి స్కూలు యూనిఫాం కుట్లు ఊడిపోయాయని అడిగితే దుప్పటి తీసింది. తర్వాత ఎదురు గదిలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి జాకెట్టు. ఆవిడకి భుజం ఆపరేషన్ అయింది, చెయ్యి పైకి లేవదు. వెనక హుక్కులు తీసేసి ముందుకి మార్చింది అమ్మ. ఆవిడ రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఎవరి సాయం లేకుండా జాకెట్టు వేసుకున్నానని నాకు ఫోన్ చేసి చెప్పారు. ఇప్పుడు అమ్మ బీరువాలో వేరేవాళ్ళ చీరలు పదకొండు ఉన్నాయి. డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు, రోజూ వాదన.

యోగాకి ఇప్పటికీ వెళ్ళడం లేదు. హాల్‌కి మధ్యాహ్నం భోజనానికి మాత్రమే వెళ్తుంది, గోడ పక్క టేబుల్, ఇద్దరే ఉంటారు. కుర్చీ పరీక్ష మొదట ఏడు వచ్చింది, మొన్న తొమ్మిది. నాన్న పుట్టినరోజు నాడు మళ్ళీ రోజంతా గదిలోనే ఉంది. ఆ రోజు నేనూ ఏమీ అనలేదు.

ఒక సహాయం కావాలి. నిన్న మిషన్ తోలు బెల్టు తెగిపోయింది. పెళ్ళికి వెళ్ళాల్సిన ఒకావిడ చీర మధ్యలో ఉంది, అమ్మకి ఒకటే టెన్షన్. శంకర్‌పల్లి వైపు ఎక్కడ దొరుకుతుంది?

---

కాజీపేట గార్డు

కొత్త బెల్టు పెద్ద ఖరీదేమీ కాదు తల్లీ. మీ అమ్మని ఒక నూలుతాడు తీసుకుని పై చక్రం, కింద చక్రం చుట్టూ బిగుతుగా చుట్టి కొలవమను. ఆ కొలత కంటే వేలెడు తక్కువగా కోయాలి, తోలు వాడేకొద్దీ సాగుతుంది. రెండు చివర్లూ కలిపే ఇనుప క్లిప్పు పాతదే పనికొస్తుంది, పారేయొద్దని చెప్పు.

శంకర్‌పల్లి మాకు దూరం కాదు. ఎల్లుండి మా ఆవిడా నేనూ వచ్చి వేసి ఇస్తాం. కమ్యూనిటీ పేరు ఇక్కడ రాయకు, మెసేజ్‌లో పంపు. మా ఆవిడ చీరలు రెండు తెస్తుంది, ఫాల్స్‌కి.